పుప్పొడి ఇచ్చిన మొక్క

మూడో రోజు కూడా నాన్న తోటలోకి వెళ్ళలేదు.

ఒంటిమీద జ్వరం పెట్టుకుని కూడా కిటికీలోంచి మెడ బయటపెట్టి, మూడో వరుసకి నీళ్ళు ఎక్కువయ్యాయని కేకలేసే మనిషి. ఇప్పుడు ముందుగదిలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే వస్తున్నాడు, నాలుగు మెతుకులు కెలికి లేచిపోతున్నాడు. మొక్కలు కావాలని ఎవరైనా గేటు దగ్గర నిలబడి పిలిస్తే, ఆ పిలుపు పక్కింటివాళ్ళకన్నట్టు ఊరుకుంటున్నాడు.

సోమవారం వచ్చిన ఉత్తరం బల్లమీద అలాగే ఉంది. దాన్ని మడిచి పెట్టే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ ఉత్తరం చదివి వినిపించింది చిన్నమ్మాయే. ఆమెకి ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ ఇంట్లో పెద్దమ్మాయంటూ ఎవరూ లేకపోయినా ఆమె చిన్నమ్మాయిగానే ఉండిపోయింది. ఆమె పుట్టడానికి రెండేళ్ళ ముందు, నాలుగేళ్ళ పెద్దకూతురు తోటలోని నీళ్ళతొట్టిలో పడి చనిపోయింది. ఆ పిల్లని అందరూ పాప అని పిలిచేవారు. మరుసటి ఏడాది తోటలో విత్తనం నుంచి లేచిన ఒక హైబ్రిడ్ టీ రకం గులాబీ తొలిపువ్వు పూసింది. పొడుగాటి మొగ్గ, కాడకి ఒక్కటే పువ్వు, లేత గులాబిరంగు రేకులు, వాటి అంచున మాత్రం సన్నగా ఎరుపు. నాన్న దానికి పాప అనే పేరు పెట్టాడు.

ఆ లెక్కన మొక్క కూడా ఆమెకన్నా ఏడాది పెద్దదే.

పాపకి మందు కొట్టారా, పాప ఈసారి నీరసంగా ఉంది, పాపకి ఎండ చాలట్లేదు. ఆమె చెవులు ఈ మాటలతోనే పెరిగాయి. కొత్తగా పక్కింట్లో దిగిన ఒకావిడ, "పాపని మోకాలి ఎత్తుకి కత్తిరించేశాను" అని నాన్న అనడం విని వారం రోజులు వీళ్ళ గేటువైపు కన్నెత్తి చూడలేదు. ఆ సంగతి చెప్పుకుని ఇంట్లో నవ్వుకునేవారు. ఆ నవ్వు చివర అమ్మ మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి లోపలికి వెళ్ళిపోయేది.

గులాబీ పెంపకందారుల సంఘంవాళ్ళు ఈ ఏడు ఒక వంశావళి పుస్తకం వేయాలనుకున్నారు. ఏ రకం ఎవరి చేతిలో పుట్టింది, దాని తల్లి మొక్క ఏది, పుప్పొడి ఇచ్చిన మొక్క ఏది. మాటమీద కాకుండా ఆకులు ల్యాబుకి పంపించి సరిచూశారు. పాప తల్లి నాన్న రాసిచ్చిన ముదురెరుపు రకమేనని ల్యాబువాళ్ళు ఒప్పుకున్నారు. పుప్పొడి ఇచ్చింది మాత్రం ఆయన రాసిన పసుపు రకం కాదన్నారు. అప్పట్లో మీ తోటలో ఉన్న మరేదైనా రకమేమో చూసి చెప్పగలరు అని మర్యాదగానే అడిగారు.

ఆ మర్యాదే నాన్నకి ఎక్కువ గుచ్చుకుంది.

"ఆ పసుపు పుప్పొడి నా చేత్తో నేను అద్దాను. ల్యాబులో కూర్చున్నవాడికి నాకన్నా ఎక్కువ తెలుసా?" అన్నాడు. అంతటితో ఆగలేదు. పాత నోటుపుస్తకం తెప్పించుకుని, ఆ ఏడాది పేజీ తీసి చాలాసేపు చూశాడు. చూసి మూసేశాడు. తర్వాత గోడవైపు తిరిగాడు.

ఆదివారం సంఘంవాళ్ళు ఆయనకి సన్మానం చేయాలి. పాపకి ముప్పై ఏళ్ళు నిండాయని ఆ సభ. రేపు పొద్దున్న కార్యదర్శి వంశావళి కాగితం పట్టుకొస్తాడు. దానిమీద నాన్న సంతకం కావాలి.

చిన్నమ్మాయి నోటుపుస్తకం తీసుకుని వెనక వసారాలోకి వెళ్ళింది.

అమ్మ అక్కడ నేలమీద కూర్చుని ప్లాస్టిక్ కాగితాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరిస్తోంది. అంటు కట్టాక అతికించిన చిగురు కన్ను ఊడిపోకుండా చుట్టడానికి ఆ పట్టీలు కావాలి. అమ్మ కత్తిరించినవి కొలబద్ద పెట్టినట్టు ఒక్క వెడల్పులో ఉంటాయి.

నోటుపుస్తకం మొదటినుంచి చివరిదాకా అమ్మ దస్తూరీయే. నాన్న చేతులకి ఎప్పుడూ మట్టి కాబట్టి ఆయన చెబుతుంటే ఆవిడ రాసేది. అందువల్ల ఆ పేజీలో ఎవరికీ ఇన్నాళ్ళూ వింతేమీ కనిపించలేదు. కానీ పొద్దున్న చిన్నమ్మాయి దాన్ని వెలుగులో పెట్టి చూసింది. ముదురెరుపు మొక్క మీద పసుపు పుప్పొడి అద్దిన పువ్వులు ఆరు. ఒకటి నుంచి ఆరు దాకా ఒకే సిరా. ఏడో అంకె రెండు గీతల మధ్య ఇరుక్కుని ఉంది. దాని సిరా వేరు.

పాప మొలిచింది ఆ ఏడో కాయలోని గింజ నుంచే.

చిన్నమ్మాయి పుస్తకం అమ్మ ముందు తెరిచి పెట్టి, ఏడో అంకె మీద వేలు ఉంచింది. 

అమ్మ కత్తెర ఆగలేదు. కానీ పట్టీ ఒకటి వంకరగా తెగింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి మొదలుపెట్టింది. అదీ వంకరగానే తెగింది.

"అది మీ బాబాయి కట్టిన కాయ," అంది.

ఆ ఇంట్లో బాబాయి అనే మాట విని ఎన్నేళ్ళయిందో చిన్నమ్మాయికి గుర్తులేదు. ఆయన నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడు. అప్పట్లో అన్నదమ్ములిద్దరూ కలిసే తోట నడిపేవారు. పాప పోయిన రోజు, పిల్లని తమ్ముడికి అప్పగించి తను గేటు దగ్గరికి వెళ్ళానని, పువ్వుల మీద వంగి వాడు పిల్లని వదిలేశాడని నాన్న అందరికీ చెప్పాడు. పదిరోజులు తిరక్కుండా తమ్ముడి పెట్టె వీధిలో పెట్టించాడు. ఆయన ఊరు మాత్రం విడిచి వెళ్ళలేదు. బజారు వీధిలో గడియారాలు బాగుచేసుకుంటూ ఒంటరిగా ఉంటున్నాడు. ఎప్పుడైనా ఎదురుపడితే నాన్న రోడ్డు దాటి అవతలివైపు నడుస్తాడు.

అమ్మ తల ఎత్తకుండానే మిగతాదంతా చెప్పింది. పాప పోయిన రోజు పొద్దున్న అన్న పసుపు పుప్పొడి అద్దిన ఆరు పువ్వుల పక్కనే తమ్ముడు ఏడో పువ్వుకి తన సొంత మొక్క పుప్పొడి అద్దాడు. ఆయన దగ్గర కుండీలో ఒక పాలిపోయిన గులాబీ ఉండేది. ఐదే రేకులు, మెడ వాలిపోయేది. వాసన మాత్రం వీధి చివరిదాకా వచ్చేది. దాని అందం చూడాలంటే కళ్ళు మూసుకోవాలని నాన్న ఏడిపించేవాడు. నాలుగు నెలల తర్వాత, ఎవరూ పట్టించుకోని ఆ వరుసలో అమ్మకి ఏడు కాయలూ పండి కనిపించాయి. ఏడోదానికి వేలాడే చీటీ మీద మరిది చేతిరాత, దాని కింద తేదీ.

"ఆ తేదీ చూశాను," అంది అమ్మ. "ఆ రోజు చేసిన పనిలో ఏదో ఒక్కటి బతికితే చాలనిపించింది. మీ నాన్నకి తెలిస్తే కాయ కాదు, చెట్టే పీకేసేవారు. అందుకని చీటీ మార్చేసి, పుస్తకంలో ఏడో అంకె చేర్చాను."

"పువ్వు పూశాకైనా చెప్పొచ్చుగా అమ్మా."

"పూసిన పొద్దున్న ఆయన దాని ముందు గొంతుక్కూర్చుని పాపా అని పిలిచారు. పిల్ల పోయాక ఆ మాట ఆయన నోటివెంట వినడం అదే మొదలు. ఇంకేం చెప్పమంటావు?"

చిన్నమ్మాయికి కోపం రావాల్సింది అమ్మమీద కాదని తెలుసు. అయినా వచ్చింది. గడప తొక్కనివ్వని మనిషి గులాబీ పట్టుకుని ముప్పై ఏళ్ళు బహుమతులు తెచ్చుకున్నామంది. రేపు సంతకం పెడితే ఆ అబద్ధానికి ముద్ర వేసినట్టేనంది. ఇంతా చేసి ఈ ఇంట్లో తనని కూడా ఎవరూ అంత ముద్దుగా పిలవలేదని నోటిదాకా వచ్చింది కానీ, అది మింగేసింది.

 కూతురు చెప్పులు వేసుకుంటుంటే అమ్మ, "అక్కడికి వెళ్ళకు," అంది.

చిన్నమ్మాయి వెళ్ళింది.

గడియారాల షాపు మనిషి అడ్డంగా పడుకుంటే నిండిపోయేంత ఉంది. అద్దాల బల్ల వెనక బాబాయి, ఒక కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో ఏదో చక్రాన్ని ఎత్తుతున్నాడు. ఆమె గడప దగ్గర నిలబడింది. ఇంకా నోరు తెరవలేదు.

"ఏమన్నారు?" అంటూ ఆయన చటుక్కున తిరిగాడు.

ఆమె ఏమీ అనలేదంది. ఆయన భూతద్దం తీసి చూశాడు. ఎవరమ్మా అని అడగలేదు. పట్టకారు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, స్టూలు ఆమెవైపు జరిపాడు. తోటలో పువ్వు నుంచి కేసరాలు ఏరేటప్పుడు నాన్న పట్టకారు పట్టుకునేది కూడా అలాగే, చిటికెనవేలు దూరంగా పెట్టి.

ఆమె దాచకుండా అంతా చెప్పింది. ల్యాబు ఉత్తరం, ఏడో అంకె, అమ్మ మార్చిన చీటీ.  అంతా విని ఆయన లేచి, పక్కనున్న ఇరుకు మెట్లమీదుగా ఆమెని డాబామీదికి తీసుకెళ్ళాడు.

సగానికి కోసిన డ్రమ్ములో ఆ పాలిపోయిన గులాబీ ఉంది. కొమ్మలు ముదిరి నల్లబడ్డాయి. ఒకే ఒక పువ్వు, తల వాల్చుకుని. ఆమె దాని దగ్గరికి వంగింది. ఆ వాసన ఆమెకి పుట్టినప్పటినుంచి తెలుసు.

ఇది ఎక్కడిదని అడిగింది. చదువుకున్న బడి గోడమీద ఒక గులాబీ తీగ ఉండేదని, దాని కాయ ఒకటి జేబులో వేసుకొచ్చి నాటానని చెప్పాడు. "దీని తల్లి ఆ తీగ. తండ్రెవరో మాత్రం తేనెటీగని అడగాలి," అన్నాడు. ఆ మాటకి తనే కాస్త నవ్వాడు. ఇలా నవ్వే మనిషి తమ ఇంట్లో ఉండాల్సిందని ఆమెకి అప్పుడు తోచింది.

పేపర్లో పాప ఫోటో చాలాసార్లు చూశానన్నాడు. అంచున ఆ ఎరుపు, మొగ్గ తిరిగే తీరు చూస్తే ఇది పసుపు బిడ్డ కాదేమోననిపించేదన్నాడు. మళ్ళీ తనే, తన ఆశ కొద్దీ అలా కనిపిస్తోందని సరిపెట్టుకున్నాడట.

"ఒకటి అడగనామ్మా? దానికి వాసన ఉంటుందా?"

 ఊళ్ళో సగం ఇళ్ళముందు ఆ మొక్క ఉంది. ఏ గేటు దగ్గర నిలబడినా తెలిసేదే. ఈయన నిలబడలేదు.

"ఇదే వాసన," అంది చిన్నమ్మాయి.

ఆయన తల ఊపి, డ్రమ్ములో మట్టిని వేళ్ళతో సర్దాడు.

వంశావళి కాగితంలో మీ పేరు రాయిస్తానని ఆమె అంది. ఆయన వెంటనే వద్దన్నాడు.

"నా పేరు రాయకమ్మా. రాస్తే ఆ పూట నేను ఏం చేస్తూ కూర్చున్నానో అచ్చేసినట్టు ఉంటుంది. పాపని చూస్తుండు అని అన్నయ్య నాకు చెప్పి వెళ్ళాడట. నాకు వినపడలేదు. రెండు బారల దూరంలో ఉన్నాను. అయినా వినపడలేదు." ఎండిన ఆకు ఒకటి తుంచాడు. "ఇప్పటికీ ఎవరైనా వెనకాల కదిలితే చాలు, ఏమన్నారని అడుగుతాను. షాపుకొచ్చేవాళ్ళు నాకు చెవుడనుకుంటారు."

 ల్యాబుకి పంపడానికి మూడు ఆకులు కావాలంది చిన్నమ్మాయి. ఆయన లేతవీ ముదురువీ కాకుండా మధ్యస్థంగా ఉన్నవి చూసి కోసి, తడి కాగితంలో చుట్టి ఇచ్చాడు. వదిన ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. అన్నయ్య గురించి అడగలేదు.

ఇంటికి చేరేసరికి ఎండ వాలింది. ముందుగదిలో కుర్చీ ఖాళీగా ఉంది.

తోటలోంచి పార చప్పుడు వినిపించింది. ఆమె పరిగెత్తింది.

తాను లేని వేళలో అమ్మ చెప్పేసిందని చూడగానే అర్థమైంది. అమ్మ కుళాయి దగ్గర నిలబడి ఉంది. కింద బిందె నిండి పొర్లుతున్నా కుళాయి కట్టట్లేదు. నాన్న తోట మధ్యలో, మొట్టమొదటి పాప మొక్క చుట్టూ తవ్వుతున్నాడు. తోటలో ఉన్న మూడొందల మొక్కలూ, ఊరంతా ఉన్నవీ దీని కన్నులు తీసి వేరే వేర్ల మీద కట్టినవే. సొంత వేళ్ళ మీద నిలబడింది ఇదొక్కటే. చుట్టూ మూరెడు లోతు గాడి పడింది. ఒకవైపు వేళ్ళు తెగి తెల్లగా కనిపిస్తున్నాయి. మొక్క కొద్దిగా పక్కకి ఒరిగింది.

చిన్నమ్మాయి పార పట్టుకోలేదు, ఆపమని అరవలేదు. బాబాయి దగ్గరినుంచి వస్తున్నానంది.

పార ఆగింది.

"ఏమంటాడు?" అన్నాడు నాన్న, మట్టివైపే చూస్తూ. "మొక్క తనదంటాడా?"

"పేరు రాయొద్దన్నాడు. దానికి వాసన ఉంటుందా అని అడిగాడు. అంతే."

 ఇంకేమన్నాడని నాన్న అడగలేదు. అయినా ఆమె చెప్పింది. పాపని చూస్తుండమని నువ్వు చెప్పిన మాట తనకి వినపడలేదన్నాడని, రెండు బారల దూరంలో ఉండి కూడా ఎలా వినపడలేదా అని ఇప్పటికీ అనుకుంటున్నాడని, ఎవరు కదిలినా ఏమన్నారని అడుగుతున్నాడని. విన్నది విన్నట్టు చెప్పింది. చెబుతుండగా నాన్న మొహం చూసి ఆగిపోయింది.

ఆయన పార వదిలేశాడు. తను తవ్విన గాడి అంచున, మట్టిలో కూలబడ్డాడు. అరవై ఆరేళ్ళ మనిషి, తొలిసారి అంత వయసున్నట్టు కనిపించాడు.

"నేను ఆ మాట అనలేదు," అన్నాడు.

ఆమెకి మొదట అర్థం కాలేదు.

"కుండీల లారీ వచ్చింది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. పాప వరుస చివర ఆడుకుంటోంది. వాడున్నాడుగా అనుకున్నాను. అనుకోవడమే. వాడు అటు తిరిగి పువ్వుల మీద వంగి ఉన్నాడు. పిల్ల తోటలోకి వచ్చిందని కూడా వాడికి తెలియదు." ఆయన మట్టి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "మీ అమ్మ ఎవరికి అప్పగించారని అడిగింది. నోటికి వాడి పేరు వచ్చింది. అన్నయ్య నాకు చెప్పలేదు అని వాడు అంటాడనుకున్నాను. వినపడలేదన్నాడు. ఆ మాట పట్టుకునే నేను ఇన్నాళ్ళు బతికాను."

కుళాయి చప్పుడు ఆగింది.

చిన్నమ్మాయి వెనక్కి తిరిగింది. అమ్మ కుళాయి కట్టేసింది. చేతులు కొంగుకి తుడుచుకుని నెమ్మదిగా వచ్చి, భర్తకి నాలుగడుగుల దూరంలో నిలబడింది. తిడుతుందనుకుంది చిన్నమ్మాయి. ఏడుస్తుందనుకుంది. ఆవిడ ఆయన్ని చూసింది, గాడిని చూసింది, తెగిన వేళ్ళు చూసింది. ఆయన ఏదో అనబోయి, ఆవిడ మొహంలోకి చూడలేక తల దించుకున్నాడు.

అమ్మ లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు కాళ్ళకి చెప్పులున్నాయి.

"బజారు వీధిలో ఎన్నో షాపు?" అని కూతుర్ని అడిగింది.

ఎడమవైపు మందులషాపు దాటాక నాలుగోదని చిన్నమ్మాయి చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అమ్మ ఆ వీధికి వెళ్ళలేదని, ఏ వస్తువు కావాలన్నా చుట్టూ తిరిగి వేరే దారిన వెళ్ళి తెచ్చుకునేదని ఆమెకి ఇప్పుడే తట్టింది.

తోడు వస్తానంది. అమ్మ అక్కర్లేదంది. ఎప్పుడొస్తావని అడిగితే వినిపించుకోలేదు. గేటు తీసి, మళ్ళీ వేసి, ఎటూ చూడకుండా నడిచింది.

నాన్న పిలవలేదు. లేవలేదు. చేత్తో తడిమి, బయటపడిన వేళ్ళమీద గుప్పెడు మట్టి కప్పాడు. మళ్ళీ చెయ్యి ఆపేశాడు. రేపు పొద్దున్న కార్యదర్శి వస్తాడన్న సంగతి ఇద్దరికీ గుర్తుంది. 

ఈ మొక్క విషయంలో ఆయన ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. ఎప్పుడు కత్తిరించాలో, ఎన్ని కన్నులు తీయాలో, ఎవరికి ఇవ్వాలో అన్నీ ఆయన ఇష్టమే.

"చిన్నమ్మా," అన్నాడు కూతురితో. "మట్టి వేసెయ్యనా? తీసెయ్యనా?"

ఆమె గేటువైపు చూసింది. అమ్మ వీధి మలుపు తిరిగిపోయింది.